మా బిడ్డ పట్టిన ఒక్కపొద్దు

తల్లి గర్భంలో ఎముకను, నెత్తురును ఎవరికీ కనబడకుండా కూర్చే దేవునికి స్తోత్రం. మన ఒంటిలోని ప్రతి చుక్కనూ ఎరిగినవానికి, మనం లెక్కపెట్టలేనివాటిని లెక్కపెట్టి ఉంచేవానికి స్తోత్రం. ఇచ్చిన దినాన ఆయనకు మహిమ. తీసుకున్న దినాన కూడా ఆయనకే మహిమ. ఈ చివరి మాట రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. అయినా దీన్నే ముందు రాస్తున్నాను. మిగతాదంతా రాశాక రాయగలనో లేదో నాకు నమ్మకం లేదు.

మాది మంచిర్యాల దగ్గర బొగ్గు గనుల కాలనీ. నా భర్త బాయిలో పనిచేస్తాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. నేను కాలనీ పక్కనున్న చిన్న బడిలో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం మా సంఘంలో సండేస్కూలు కూడా నాదే. మా తాత మిషను కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాడు. పొద్దున ఒక అధ్యాయం, సాయంత్రం ఒక అధ్యాయం చదవందే మా ఇంట్లో కంచం ముందు కూర్చునే అలవాటు లేదు. వాక్యం నాకు తెలుసు అనుకునేదాన్ని. ఆ అనుకోవడం గురించే ఇదంతా.

మాకు ఒక్కతే బిడ్డ. నాలుగో తరగతిలో ఉండగా జ్వరం పట్టుకుని వదల్లేదు. కాళ్ల మీద దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు లేచాయి. కరీంనగర్‌లో పెద్ద ఆసుపత్రికి తీసుకుపోతే రక్తంలో క్యాన్సర్ అన్నారు. పిల్లల్లో వచ్చేది, మందులకు లొంగేదే ఎక్కువ, ధైర్యంగా ఉండండి అన్నది అక్కడి డాక్టరమ్మ. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి కౌంట్ అనే మాట వచ్చింది. వాన పడ్డదా, కూర ఏమిటి అని అడిగినట్టే, ఇంటికి వచ్చిన ప్రతివారూ కౌంట్ ఎంత అని అడిగేవారు.

సంగతి ఇది. మందు ఎక్కించాక రక్తంలోని కణాలన్నీ పడిపోతాయి. అవి మళ్లీ లేచి ఒక గీత దాటితేనే తర్వాతి మందు పెడతారు. దాటకపోతే ఇంటికి పంపి, వారం ఆగి రమ్మంటారు. మందుకూ మందుకూ మధ్య ఎడం పెరిగితే లోపలి జబ్బుకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. అందుకే మా బతుకంతా ఆ గీత మీదికి వచ్చింది.

మా అత్తమ్మకు ఇదంతా అర్థం చేయించింది నా భర్తే. "అవ్వా, మాకు బాయిల మస్టర్లు పడ్డట్టే. నెలకు గిన్ని మస్టర్లని ఉంటయ్ గదా, దీని ఒంట్ల గూడ గట్ల నిండాలె" అన్నాడు. మస్టర్ అంటే హాజరు. మా బిడ్డ ఆ మాట పట్టుకుంది. గుడ్డు తిన్నా, జావ తాగినా "బాపూ, నా మస్టర్ పడ్డదా?" అని అడిగేది. ఆయన గోడ మీది క్యాలెండర్‌లో పెన్సిల్‌తో ఒక టిక్కు పెట్టేవాడు.

రక్తం పెరగడానికి ఏం తినిపించాలో చెప్పని మనిషి లేదు. పక్క క్వార్టర్ అక్క ఒకరోజు గోడ మీదికి వంగి నన్ను పిలిచింది.

"ఏమే, నల్ల తెచ్చి పెడుతున్నవా పిల్లకు?"

నల్ల అంటే మేకను కోసినప్పుడు పట్టిన నెత్తురు. ఉల్లిగడ్డలు వేసి వేపుడు చేస్తారు. రక్తం తక్కువైనవాళ్లకు, బాలింతలకు మా వైపు పెడతారు.

"మేము నల్ల తినమక్కా. మా వాక్యంల వద్దని ఉన్నది."

"అయ్యో, గింత పిల్లకు గూడ పత్యం చెప్పిండా మీ దేవుడు?"

లోపల బియ్యం ఏరుతున్న అత్తమ్మ అక్కడి నుంచే అందుకుంది. "మా దేవుడు ఇడిచిపెట్టినా డాక్టరమ్మ ఇడిచిపెట్టదు తల్లీ. మాకు ఇద్దరి భయం ఉన్నది."

మా బిడ్డ పకపకా నవ్వింది. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. నవ్వితే కనుబొమలు కూడా లేని ఆ ముఖం పసిగుడ్డు ముఖంలా ఉండేది.

నా భర్తతో పనిచేసే ఆయన బొప్పాయి ఆకు రసం సీసాలో పోసి తెచ్చాడు. తన తమ్మునికి డెంగీ వచ్చినప్పుడు దాంతోనే ప్లేట్‌లెట్లు ఎక్కాయన్నాడు. సంఘంలో ఒకామె రక్తం పట్టే టానిక్ అని సీసా ఇచ్చింది. ఇంకొకామె ఖర్జూరాలు, ఎండుద్రాక్ష తెచ్చింది. నేను ఆ సీసాలన్నీ సంచిలో వేసుకుని కరీంనగర్ పోయి డాక్టరమ్మ బల్ల మీద వరసగా పెట్టాను. ఆమె ఒక్కొక్కటి తీసి చూసింది. కోప్పడలేదు.

"ఆకుల పసరు వద్దమ్మా. మందులతో కలిసి ఏం చేస్తుందో మనకు తెలియదు. ఈ టానిక్ నేను చెప్పకుండా పోయకండి. మీ పాపకు తక్కువైంది ఇనుము కాదు. పచ్చివి, బయటివి ఏవీ వద్దు. వండింది, వేడిగా ఉన్నది పెట్టండి. గుడ్డు, పప్పు, పాలు. పాలలో కలపడానికి ఈ పొడి రాస్తున్నాను."

"ఈ పొడితో కౌంట్ ఎక్కుతుందా డాక్టరమ్మా?"

"పొడి కౌంట్‌ను ఎక్కించదు. పిల్లను నిలబెడుతుంది. పిల్ల నిలబడితే కౌంట్ లేవడానికి బలం ఉంటుంది. బరువు తగ్గనివ్వకండి. మీ చేతిలో ఉన్న పని అదొక్కటే."

ఆ పొడి చాక్లెట్ రుచిది. మందుల వల్ల మా బిడ్డ నోటికి అన్నీ తుప్పు పట్టిన ఇనుములా ఉండేవట. అన్నం ఇనుము, పప్పు ఇనుము, చివరికి నీళ్లు కూడా. ఒక్క చాక్లెట్ పాలే పాతలాగా తీయగా ఉన్నాయని కళ్లు మూసుకుని తాగేది. పొద్దున ఒక గిలాస, సాయంత్రం ఒక గిలాస. మూతి మీద గోధుమ రంగు మీసం పెట్టుకుని "బాపూ, మస్టర్!" అని అరిచేది. ఆ నెల మందు ఆగకుండా పడింది. బరువు అరకిలో పెరిగింది. నేను సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను.

ఆ తర్వాతి నెల కౌంట్ లేవలేదు. వారం ఆగి పోయాం, లేవలేదు. ఖాళీ చేతులతో బస్సులో వెనక్కి వస్తూ గోదావరి వంతెన మీద నేను ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాను. బిడ్డ చూసింది. నా చెయ్యి పట్టుకుంది.

ఆ ఆదివారం మా అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, గొలుసు ఉపవాసం ప్రకటించారు. నలభై దినాలు, దినానికి ఒక కుటుంబం, మా బిడ్డ కౌంట్ కోసం. గొలుసు తెగకుండా ఒకరి తర్వాత ఒకరు. కౌంట్ తక్కువున్నప్పుడు బిడ్డను జనంలోకి తీసుకుపోవద్దన్నారు కాబట్టి మేము ఆరాధనను ఫోన్‌లో వినేవాళ్లం. ఆయన పేర్లు చదువుతుంటే బిడ్డ మంచం మీద కూర్చుని వేళ్లు మడుస్తూ విన్నది. షుగర్ ఉన్న ముసలమ్మ పేరు వచ్చింది. రాత్రి డ్యూటీ చేసే ఇంటి పేరు వచ్చింది. మా అత్తమ్మ పేరు కూడా వచ్చింది.

"బాపమ్మ గూడ ఉంటదా?"

"ఉంటది."

"వీళ్లంత నా కోసమే ఒక్కపొద్దు ఉంటరా?" సంఘంలో ఉపవాసం అంటాం, ఇంట్లో అందరిలాగే ఒక్కపొద్దు అంటాం.

"నీ కోసమే బిడ్డా."

"మరి నాది ఏ దినం?"

"నీకు లేదు. నువ్వు తినాలె."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆమె ఇంకో ప్రశ్న వేసింది. ఒక్కపొద్దు అంటే తినకపోవుడేనా అని. నేను సండేస్కూలు టీచర్‌ను. ప్రశ్న వస్తే జవాబు చెప్పకుండా ఉండలేను.

"తినకపోవుడు ఒక్కటే కాదు. మనకు అన్నిటికంటె ఇష్టమైంది దేవుని కోసం ఇడిచిపెట్టుడు. గట్ల ఇడిచిపెడితే దేవుడు తొందరగ వింటడు."

ఆ చివరి ముక్క ఏ వాక్యంలోనూ లేదు. పిల్లలకు బాగా ఎక్కుతుందని ఎన్నో ఏళ్లుగా నేను కలిపి చెబుతున్న మాట అది. నాకు ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను.

గొలుసు నడుస్తున్నది. రోజుకొకరు వచ్చి గుమ్మం బయట నిలబడి, ఈ రోజు మా వంతు అని చెప్పి పోయేవారు. బిడ్డ కిటికీలోంచి చెయ్యి ఊపేది. పాల గిలాస ఇస్తే ముందులాగా నా ఎదురుగా తాగడం మానేసింది. చల్లారనీ, బొమ్మలేసుకుంటూ తాగుతా అని తీసుకుని వెనక గదిలోకి పోయేది. కాసేపటికి కడిగిన గిలాస తెచ్చి బోర్లించి చూపించేది.

"గిలాస ఖాళీ!"

నా భర్త టిక్కు పెట్టేవాడు. ఎంత బుద్ధిగా కడుక్కొస్తున్నదో అని అత్తమ్మ మురిసిపోయేది. అన్నం, గుడ్డు బిడ్డ కష్టపడి మింగేది. అందులో సగం కక్కేది. పాలైనా లోపల ఉంటున్నాయి కదా అని నేను ధైర్యంగా ఉన్నాను.

మళ్లీ కరీంనగర్ పోయాం. కౌంట్ గీత దాటలేదు. బరువు రెండు కిలోలు తగ్గింది. డాక్టరమ్మ తూకం మీద మళ్లీ నిలబెట్టింది, అదే అంకె.

"పొడి తాగుతుందా?"

"రెండు పూటలా తాగుతది డాక్టరమ్మా. డబ్బా అయిపోవచ్చింది."

ఆమె బిడ్డ వైపు చూసింది. బిడ్డ నేల వైపు చూసింది. ఇంకో వారంలో బరువు ఆగకపోతే ముక్కులో గొట్టం వేసి పాలు పంపుదాం అన్నది డాక్టరమ్మ.

మరుసటి పొద్దున అత్తమ్మ పెరట్లోంచి నన్ను కేకేసింది. బట్టలుతికే బండ వెనక చీమలు. ఒకటి రెండు కాదు, వెనక గది కిటికీ కింద గోడ నుంచి బండ దాకా నల్లటి దారం పరిచినట్టు పోతున్నాయి. గోడ మీద గోధుమ రంగు చారలు, ఒకదాని మీద ఒకటి ఎండిపోయి ఉన్నాయి. అత్తమ్మ వేలితో గీకి వాసన చూసింది. ఆ వేలును నాకు చూపించింది.

నేను లోపలికి పోయి బిడ్డ ముందు కూర్చున్నాను. అరిచాను. అరవకుండా ఉండాల్సింది.

"ఎందుకు పారబోసినవ్? ఎన్ని దినాల సంది పారబోస్తున్నవ్?"

"పారబొయ్యలే."

"గోడ మీద కనవడుతలేదా? అబద్ధం ఆడుతున్నవా?"

"అబద్ధం ఆడలే అమ్మా. తాగిన అని ఒక్కనాడన్న అన్ననా? గిలాస ఖాళీ అన్న." నా కొంగు పట్టుకుంది. "పారబొయ్యలే. దేవునికిచ్చిన. అన్నిటికంటె నాకు చాక్లెట్ పాలే ఇష్టం గదా. ఇష్టమైంది ఇడిచిపెడితే తొందరగ వింటడని నువ్వే చెప్పినవ్. అందరు నా కోసం ఉంటుండ్రు. షుగర్ అవ్వ గూడ ఉండె. నేను ఉండకుంటె ఎట్ల?"

గొలుసు మొదలైన నాటి నుంచి, పదహారు దినాలు. పూటకు ఒక గిలాస. కౌంట్ ఎక్కాలని.

ఆమెను ఒళ్లోకి లాక్కున్నాను. ఒళ్లంతా ఎముకలే తగిలాయి. ఆకలేసిందా బిడ్డా అని అడిగితే, మొదట రెండు దినాలు బాగా ఏడుపొచ్చింది, తర్వాత అలవాటైంది అన్నది.

ఒక్కపొద్దు మానమంటే మానలేదు. "నడుమల ఇడిచిపెడితే దేవునికి కోపమొస్తది" అన్నది. ఆ మాట నేను చెప్పింది కాదు, కానీ నేను చెప్పినదాంట్లోంచి పుట్టిందే. నా మాట ఇక పనిచేయదని అర్థమై నా భర్త అయ్యగారి దగ్గరికి పోయాడు.

అయ్యగారు మధ్యాహ్నం ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చారు. ముఖానికి మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని, గుమ్మంలోనే చాప మీద కూర్చున్నారు. ఆ దినం గొలుసులో వంతు ఆయన ఇంటిదే. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"నువ్వు ఒక్కపొద్దు ఉన్నవని తెలిసింది బిడ్డా."

"పదారు దినాలు ఉన్న అయ్యగారూ."

"నీది దేవునికి ముట్టింది. చాలన్నడు. ఇగ ముగించాలె. ముగించుడు గూడ ప్రార్థననే." ఆయన నా వైపు తిరిగారు. "అమ్మా, రెండు గిలాసల పాలు తీసుకరా. రెండిట్ల పొడి కలుపు."

నేను తెచ్చి ఇచ్చాను. ఒకటి ఆమె చేతిలో, ఒకటి ఆయన చేతిలో.

"మీరు ఒక్కపొద్దు గదా!" అన్నది బిడ్డ, కళ్లు పెద్దవి చేసి.

"నీతోని నాది గూడ ముగిసింది. తాగు."

ఆయన గోడవైపు తిరిగి మాస్కు దించుకుని ఒక్క గుక్కలో తాగేశారు. మూతి తుడుచుకుని "జర తీపెక్కువైందమ్మా" అన్నారు. బిడ్డ నవ్వింది. తర్వాత తనూ తాగింది. అన్ని దినాల తర్వాత తాగుతున్న పాలు. తాగుతూ తాగుతూ ఏడ్చింది. మేము ఆ గిలాస వైపే చూస్తూ నిలబడ్డాం.

ఆ దినంతోనే అయ్యగారు గొలుసు ఆపేశారు. ఆదివారం బిడ్డను అత్తమ్మ దగ్గర ఉంచి నేను సంఘానికి పోతే, ఆయన అందరి ముందూ కారణం చెప్పారు. నా పేరు ఎత్తలేదు, తప్పు తనదే అన్నారు, పసిపిల్ల వింటుంటే పేర్లు చదివాను అన్నారు. సంఘ పెద్ద భార్య మాత్రం లేచి అందరిలో అడిగింది. "నలభై దినాలని మొక్కి పదారు దినాలకు తెంపుడేంది అయ్యగారూ? దేవునితోని ఆటలా?" ఆయన దేవుడు పసిపిల్లల కూడు అడగడు అన్నారు. ఆమె కూర్చున్నది గాని ముఖం మారలేదు.

రెండు వారాలు తిరిగేసరికి కౌంట్ గీత దాటింది. మందు పడింది. ఆ తర్వాతిది కూడా పడింది. చలికాలంలో నెత్తి మీద నూగు వెంట్రుకలు వచ్చాయి. నిర్మల్ నుంచి నా చెల్లెలు కొయ్య బొమ్మల పండ్లబుట్ట తెస్తే, అందులో మామిడిపండును చూపించి ఇది నాకు ఎప్పుడు తిననిస్తరు అని డాక్టరమ్మను అడిగింది. ఎండాకాలం వస్తే ఇస్తాం అన్నది ఆమె. ఇచ్చింది కూడా. శుభ్రంగా కడిగి, తొక్క తీసి, మా చేతులతో ముక్కలు కోసి ఇమ్మన్నది. రెండు పండ్లు తిన్నది.

తొలకరిలో జ్వరం వచ్చింది. పొద్దున వేడి చూసుకుని వెంటనే బయలుదేరాం, గంట కూడా ఆలస్యం చేయలేదు. కౌంట్ అడుగంటి ఉంది. డాక్టరమ్మా నర్సమ్మలూ చేయాల్సిందంతా చేశారు. మూడో రోజు సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, మా బిడ్డ వెళ్లిపోయింది. చివరిగా అడిగింది నీళ్లు. రెండు చెంచాలు పోశాను. ఇనుములా లేవు అన్నది.

మట్టిచ్చి వచ్చిన తర్వాత సంఘ పెద్ద భార్య మా ఇంటికి వచ్చింది. నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. మంచిదే ఆమె, ముప్ఫై ఏళ్లుగా అందరి చావులకూ ముందుండే మనిషి. వెళ్లేముందు అత్తమ్మతో మెల్లగా అన్న మాట నాకు వినబడింది. "గొలుసు తెంపకుంటె పిల్ల దక్కేది వదినా."

అత్తమ్మ గుమ్మం దాకా పోయి, ఆమె విడిచిన చెప్పులను వేలితో చూపించింది. "పో. మళ్ల గీ మాట అనేటట్టుంటె మా గడప తొక్కకు."

నాకు ఆమె మీద కోపం రాలేదు. నాది వేరే లెక్క. గొలుసు తెంపడం వల్ల కాదు, ఆ పదహారు దినాల వల్ల పోయిందా అని. ఒంటికి పాలు అందక, కౌంట్ లేవక, అప్పటికే ఆగిన మందు ఇంకా వెనక్కి పోయింది. ఆ సందులో ఏం జరిగింది? నెల రోజుల తర్వాత ఒక్కదాన్నే కరీంనగర్ పోయి డాక్టరమ్మను అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నది.

"దానివల్లే అని నేను చెప్పలేనమ్మా. బాగా తిన్న పిల్లలు కూడా ఇలాంటి జ్వరాల్లో పోయారు. అసలు సంబంధమే లేదని చెప్పమంటే అదీ చెప్పలేను. నాకు తెలియదు. తెలిస్తే దాచను."

ఆ తెలియనితనంతోనే బతుకుతున్నాను. వాక్యం చదవడం మానలేదు. సండేస్కూలు మానేశాను. శుక్రవారం ఉపవాస కూటానికి పోతాను గాని తిని పోతాను. మొదటిసారి తిని పోయి కూర్చున్నప్పుడు నా కడుపు నిండి ఉన్నందుకు సిగ్గేసింది. నా బిడ్డ ఇచ్చినదాన్ని దేవుడు అందుకున్నాడా లేదా అని అయ్యగారిని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అందుకున్నాడంటే ఎందుకు అందుకున్నాడని అడుగుతాను. అందుకోలేదంటే ఆ ఏడుపంతా ఎటు పోయిందని అడుగుతాను. ఏ జవాబూ నేను మోయలేను. కాబట్టి ప్రతి పొద్దూ నా తప్పు ఒప్పుకుంటాను. నీవు అనని మాటను నీ మాటగా పిల్లకు చెప్పాను తండ్రీ, నన్ను క్షమించు అంటాను. క్షమించాడని వాక్యం చెబుతుంది. నమ్ముతాను. నమ్మిన తర్వాత కూడా ఏడుస్తాను.

దీన్ని చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. మీ ఒడిలో బిడ్డ ఉంటే ఆ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టండి. ఈ పూట ఏ వార్డులోనో కౌంట్ లేవక ఇంటికి పంపబడిన పిల్లల కోసం అడగండి. వాళ్ల నోటికి రుచి తిరిగి రావాలని, తిన్నది లోపల నిలవాలని అడగండి. వాళ్లకు మందు ఇచ్చే చేతుల కోసం, గిన్నె పట్టుకుని బతిమాలే తల్లుల కోసం అడగండి. దేవుని పేరు మీద మేము చెప్పే మాటల్లో ఆయనవి కానివి పిల్లల చెవిన పడకుండా మా నాలుకలను కాయమని అడగండి. నా కోసం కూడా ఒక్క మాట అడగండి. తినకుండా అడగనక్కర్లేదు. ఆమెన్.